పలక కంటే ముందు మాట

మార్కాపురం పలకల మీద ఎన్నో రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ పలకలు చేసిన తల్లుల పిల్లలే బడిలో వాచకం చదవలేక తడబడటం చూశాను. తప్పు తల్లులదేనా?

చదువు పలకతో మొదలుకాదు. జోలపాటతో, కథతో, పొడుపుకథతో మొదలవుతుంది. విన్న మాట అచ్చులో కనిపిస్తే బిడ్డ పోల్చుకుంటుంది. విననిదైతే కూడబలుక్కున్నా అర్థం కాదు.

బిడ్డతో కబుర్లాడటానికి తీరిక కావాలి. పలకల కార్ఖానాల్లో, గిద్దలూరు పొలాల్లో కూలికిపోయే తల్లికి అదెక్కడిది? 2017 చట్ట సవరణ 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లోనే శిశుగృహం తప్పనిసరి చేసింది. చిన్న కార్ఖానాలు, పొలాలు లెక్కలోకే రాలేదు.

తండ్రులూ కథలు చెప్పాలి. అంగన్‌వాడీలో గుడ్డూ పాలతోపాటు రోజూ కథాసమయాన్ని కూడా బిడ్డ హక్కుగా అడుగుదాం.