ఒడ్డున ఉండగానే చచ్చిపోయే బ్యాటరీ

ఏటి మధ్యలో ఇంజిన్ ఆపారు. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు, పాటలు పెట్టుకున్నారు. ఇక వెళ్దామని తాళం తిప్పితే... 'టక్'. మళ్లీ తిప్పితే మళ్లీ 'టక్'. కారైతే నలుగురు దిగి తోస్తారు. పడవని ఎవరు తోస్తారు? ప్రవాహమే తోస్తుంది, తనకిష్టమైన వైపు. దిగువన ఆనకట్ట ఉంటే అటే.

పడవ వెనక చెక్కకి బిగించి నీళ్లలోకి దించే మోటారే అవుట్‌బోర్డ్ మోటారు. మన తీరంలో వేటకెళ్లే ఫైబర్ తెప్పలకి ఉండే చిన్నవి చాలావరకు తాడు లాగితే స్టార్టవుతాయి. నిప్పురవ్వకి కావలసిన కరెంటుని తిరిగే ఇంజినే తయారుచేసుకుంటుంది కాబట్టి బ్యాటరీతో పనిలేదు. విహారానికి తిప్పే పెద్ద స్పీడుబోట్ల సంగతి వేరు. వాటికి సెల్ఫ్ స్టార్టరే దిక్కు. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు పంపుకీ లోపలి కంప్యూటరుకీ కూడా చాలావరకు బ్యాటరీ కరెంటే కావాలి. అది పూర్తిగా దిగిపోతే తాడు చుట్టి లాగినా లాభం ఉండకపోవచ్చు.

ఇంతకీ ఆ బ్యాటరీ ఎందుకు దిగింది? మాటిమాటికీ స్టార్టు చేయడం వల్లనేనని చాలామంది అనుకుంటారు. కాదు. స్టార్టరు 150 ఆంపియర్ల చొప్పున 3 సెకన్లు లాగిందనుకుందాం. ఖర్చయ్యేది ఒక ఆంపియర్-అవర్‌లో ఎనిమిదో వంతు. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే ఇంజిన్ ఆపేసి లైట్లు, పాటలపెట్టె కలిపి 5 ఆంపియర్లు వాడితే 6 గంటల్లో సగం ఖాళీ!

ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ ఎద్దులాంటిది. పలకలు మందంగా ఉంటాయి, గంటల తరబడి నెమ్మదిగా లాగుతుంది. స్టార్టింగు బ్యాటరీ పందెంకోడి. పల్చటి పలకలు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, నాలుగు సెకన్లలో బలమంతా చూపిస్తుంది. దాంతో దుక్కి దున్నించాలని చూస్తే త్వరగా పాడైపోతుంది. అందుకే పాటలకీ లైట్లకీ వేరే బ్యాటరీ పెట్టుకుని, రెంటి మధ్యా స్విచ్చి వేయించుకోవడం మేలు. ఖర్చు ఎక్కువనిపించొచ్చు గానీ పదిమందిని ఎక్కించుకునే పడవలో ఆ లెక్క చూసుకోకూడదు.

కొనేటప్పుడు ముందు తెరవాల్సింది మోటారుతో వచ్చిన పుస్తకం. ఎన్ని క్రాంకింగ్ ఆంపియర్లు కావాలో అందులో ఉంటుంది. షాపులో చిక్కు ఇక్కడే. సీసీఏ అంటే మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్లపాటు ఇవ్వగల కరెంటు. ఎంసీఏ అంటే సున్నా డిగ్రీల దగ్గర కొలిచింది. ఒకే బ్యాటరీకి రెండో అంకె పెద్దదిగా కనిపిస్తుంది. పుస్తకంలో ఒకటీ, బ్యాటరీ మీద మరొకటీ చూసి సరిపోయిందనుకుంటే మోసపోయినట్టే. మన దగ్గర అంత చలి ఎక్కడిదంటారా? నిజమే, కానీ పోల్చడానికి కొలబద్ద ఒకటే ఉండాలి కదా.

కారు బ్యాటరీ పెట్టేస్తే పోలా అనేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ తిరుగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ అలల మీద పడవ పడే దెబ్బలకి పలకల మీది పూత రాలి అడుగుకి చేరుతుంది. పడవల కోసం చేసిన వాటిలో పలకల్ని కదలకుండా గట్టిగా బిగిస్తారు. యాసిడ్‌ని గాజుపీచులో ఇంకించిన ఏజీఎం రకమైతే కుదుపులకి ఇంకా బాగా ఓర్చుకుంటుంది, ఒలకదు. లిథియం బ్యాటరీలు తేలికే కానీ మోటారు కంపెనీ ఒప్పుకుంటేనే వాటి జోలికి వెళ్లాలి.

ఇక అసలు విషయం. బ్యాటరీలు నీళ్లమీద కన్నా ఒడ్డునే ఎక్కువగా చస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన సముద్రంలో వేట నిషేధం, 61 రోజులు. సరిగ్గా రోళ్లు పగిలే ఎండల్లో. నదుల్లో వరదలొస్తే విహార పడవలూ ఆగిపోతాయి. వాడకుండా ఉంచినా బ్యాటరీ దానంతటదే దిగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి పెచ్చు కడుతుంది. తర్వాత ఎంత చార్జింగు పెట్టినా పాత బలం రాదు.

పడవ ఆపేసే రోజుల్లో ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు తీసి బ్యాటరీని నీడపట్టున పెట్టాలి. నిండా చార్జి చేసి, నెలకోసారి మళ్లీ ఎక్కించాలి. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందన్నది పాతకాలపు పెట్టెలనాటి మాట. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి ఆ భయం లేదు. చార్జి చేసేచోట మాత్రం గాలి ఆడాలి, బీడీ వెలగకూడదు. అప్పుడు వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది.

మూతలున్న రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. యాసిడ్ పోయకూడదు, ఎందుకంటే తగ్గేది నీళ్లే. చిన్న మల్టీమీటరు కొనుక్కుంటే సగం బెంగ తీరుతుంది. కొన్ని గంటలు కదపకుండా ఉంచాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ. నిండుగా ఉన్నా ఇంజిన్ తిరగకపోతే కొనల దగ్గర చూడాలి. ఉప్పుగాలికి తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంటుంది. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక గ్రీజు రాస్తే సరి. కడిగే నీళ్లు లోపలికి పోకుండా మూతలు బిగించి ఉండాలి. వేళ్లతో తిప్పే రెక్కల నట్లు కుదుపులకి వదులవుతాయి. పానాతో బిగించే నట్లు వేయాలి. ఇంజిన్ నడుస్తుండగా వైరు ఊడితే చార్జింగు భాగాలు కాలిపోవచ్చు. ప్లస్, మైనస్ తారుమారు చేసినా అంతే.

ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు చార్జింగు బాగా తక్కువ. రోజంతా ఒడ్డు వెంబడి నిదానంగా తిప్పిన పడవకి సాయంత్రం చార్జరు పెట్టాల్సిందే. బయల్దేరే ముందు పడవవాణ్ని బ్యాటరీ సంగతి అడిగినా తప్పులేదు. తెడ్లూ, లంగరూ, లైఫ్ జాకెట్లూ ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు.