చూపుకు శిక్షణ

వెల పెట్టి కొన్నదాన్ని పొదుపుగా వాడుకోవడం, ఉచితంగా దొరికినదాన్ని ఉపేక్షించడం లోకరీతి. ఛాయాచిత్రకళకు కూడా ఇది వర్తిస్తుంది. సెల్‌ఫోను చేతికి వచ్చాక ఫోటో తీయడానికి ఖర్చు లేకుండా పోయింది. దానితోపాటు, తీయబోయే దృశ్యాన్ని నిదానించి చూసే అలవాటు కూడా సన్నగిల్లింది. ఆ అలవాటును మళ్ళీ నేర్పగల గురువు పాతకాలపు ఫిల్ము కెమెరా అని నా అభిప్రాయం.

చేతితో నడిపే సామాన్యమైన ఫిల్ము కెమెరా చాలావరకు బ్యాటరీ లేకుండానే పనిచేస్తుంది. దాన్ని పట్టినవాడు మూడు విషయాలు నిర్ణయించాలి. కటకాన్ని ఎంత దూరానికి సరిచేయాలి? కాంతి ప్రవేశించే రంధ్రాన్ని ఎంత తెరవాలి? షట్టరును ఎంతసేపు తెరిచి ఉంచాలి? 100 వేగం గల ఫిల్ముకు నిండు ఎండలో రంధ్రం 16వ అంకె వద్ద, షట్టరు సెకనులో 125వ వంతు వద్ద ఉంటే చాలునని ఛాయాగ్రాహకులు ఒక సూత్రం ఏర్పరచుకున్నారు. నీడలోకి వెళితే 8కో, 5.6కో మార్చాలి. అంకె తగ్గినకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఈ లెక్క అలవడినవాడు ఎండను, నీడను కంటితోనే కొలవడం నేర్చుకుంటాడు.

వనపర్తి జిల్లాలోని శ్రీరంగాపూర్‌నే తీసుకుందాం. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు నిర్మించిన రంగనాయకస్వామి ఆలయం అక్కడ రత్నపుష్కరిణి ఒడ్డున ఉంది. ఫోను ఉన్నవాడు క్షణంలో పది ఫోటోలు తీసి ముందుకు సాగిపోవచ్చు. 36 ఫోటోలతో ముగిసిపోయే రీలు ఉన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. గోపురం ప్రతిబింబం నీటిలో నిలకడగా కనిపించాలంటే గాలి తగ్గేదాకా ఆగాలి. నడినెత్తి ఎండలో వెలవెలబోయే రాతిపనితనం ఏటవాలు వెలుగులో తేటపడుతుందని గ్రహించాలి. అలా వేచి ఉన్న సమయంలోనే అతడు ఆలయాన్ని నిజంగా చూస్తాడు.

ఈ నిగ్రహం మన సంస్కృతికి కొత్తది కాదు. తాటాకుపై గంటంతో గీసిన అక్షరాన్ని తుడిచివేయడం సాధ్యం కాదు. అందుకే లేఖకుడు గంటం కదిలించే ముందే పద్యపాదాన్ని మనసులో నిలుపుకోవలసి వచ్చేది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) బరువైన గాజుపలకలపై చిత్రాలు తీశారు. పలక పలకకూ శ్రమ, వ్యయం తప్పని ఆ కాలంలో ఏది చిత్రించాలో, ఏది విడిచిపెట్టాలో ముందే తేల్చుకోవలసి ఉండేది.

దీనికి ఆక్షేపణ ఉంది. నేడు ఫిల్ము ధర ఎక్కువ. దాన్ని కడిగి ఫోటోలు వేసే స్టూడియోలు అరుదు. ఊటీలో ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం కూడా మూతపడింది. పేద విద్యార్థికి ఫోనే అందుబాటులో ఉన్న సాధనం. తీసిన వెంటనే తప్పు తెలుసుకొనే సౌకర్యమూ దానిలో ఉంది. ఈ మాటలు నిజమే. కానీ తప్పును వెంటనే చెరిపివేసే సౌకర్యం ఉన్నచోట, అది ఎందుకు జరిగిందని ఆలోచించే ఓపిక సాధారణంగా నిలవదు. ఫిల్ముపై పడిన తప్పు నెగటివ్‌లో మిగిలి ఉండి, కారణం వెతకమంటుంది.

విద్యార్థులారా! మీ ఇంటి బీరువాలో తాతగారి కెమెరా ఉంటే దాన్ని పాత సామానుతో కలిపి అమ్మకండి. నలుగురు మిత్రులు కలిసి ఒక రీలు కొని, తలా తొమ్మిది ఫోటోలు పంచుకోండి. అదీ వీలుకాకపోతే ఫోనుతోనే ఒక విహారయాత్రలో 36కు మించి తీయకూడదని, ఒక్కటీ తుడిచివేయకూడదని నియమం పెట్టుకోండి. మొదటి ఫోటో తీసే ముందు మీరు ఎంతసేపు నిలబడి చూశారో గమనించండి. ఈ శిక్షణ ఫలితం అక్కడే తెలుస్తుంది.