మూగవోయిన కంప్యూటరు

కంప్యూటరునందు శబ్దము వినరాకున్న నేమి చేయవలెనని యడిగిన, మన ప్రాంతమున నెక్కువమంది యిచ్చు ప్రత్యుత్తర మొక్కటియే: "ఉన్నదంతయు తుడిచి, మరల క్రొత్తగా నెక్కింపుడు." బంట్వారము వంటి యూరికి వికారాబాదు నుండియో తాండూరు నుండియో పనివానిని పిలిపింపవలసియుండుటచే, వచ్చినవాడు త్వరగా ముగించుకొని పోగోరుట సహజమే. కాని లినక్సు గల యంత్రముల విషయమున నీ పద్ధతి తగదని నా యభిప్రాయము. తుడిచివేసిన దానితోబాటు విద్యార్థులు వ్రాసికొనిన పాఠములును పోవచ్చును. లోప మెచ్చట నుండెనో యెవరికిని దెలియదు. లినక్సు వెల లేనిదని పాఠశాలలు దానిని గైకొనుచుండగా, శబ్దము పోయినప్పుడెల్ల మరమ్మతు కూలి యిచ్చుచున్న మిగిలిన దేమి?

శబ్దము లేకున్న నేమి, అక్షరములు కనబడుచున్నవి గదా యనువారు గలరు. వారు చూపులేని విద్యార్థి నొక్కసారి తలంపవలెను. ఓర్కా యను ఉపకరణము తెరమీది మాటలను చదివి వినిపించును. ఈ-స్పీక్ అను దాని తోడ్పాటున తెలుగును గూడ వినవచ్చును. అట్టి బాలునకు శబ్దము పోయిన కంప్యూటరే పోయినట్లు. బాగుచేయువాడు వచ్చువఱకు నతడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదేనా?

శబ్దము నడచు దారి కాలువనీటి దారి వంటిది. కోట్‌పల్లి ప్రాజెక్టు క్రింద నొక పొలమునకు నీరందకున్న, రైతు చెరువును మరల త్రవ్వబోడు. తూము తెఱచియున్నదా, పిల్లకాలువ పూడినదా యని వరుసగా జూచును. లినక్సునందు అడుగున ఆల్సా యనునది శబ్దపరికరముతో వ్యవహరించును. 2003వ సంవత్సరము చివర వెలువడిన 2.6 కెర్నలుతో నిది ప్రధానమార్గ మయ్యెను. దానిపైన, వేర్వేరు ప్రోగ్రాముల ధ్వనులను గలిపి పంపు పనిని పల్సు ఆడియో చేయుచుండెను. ఆ స్థానమును 2021లో ఫెడోరాయందును, 2022లో ఉబుంటుయందును పైప్‌వైర్ ఆక్రమించినది. ఇట్లు మాఱుటచే పాత సలహాలు క్రొత్త యంత్రమునకు సరిపడవు. ఈ నింద లినక్సును గూర్చినవారే భరింపవలెను.

అయినను వెదకు క్రమము మాఱలేదు. మొదట తీగను జూడవలెను: స్పీకరు తీగ పచ్చరంగు రంధ్రమున నుండవలసినది గులాబిరంగు మైకు రంధ్రమున నుండుట తఱచు. పిమ్మట సెట్టింగులలో అవుట్‌పుట్ ఏదో చూడవలెను. తెరను హెచ్.డి.ఎం.ఐ. తీగతో గలిపినప్పుడు, ధ్వనియు నా తీగ వెంటనే తెరకు బోవచ్చును. తెరలో స్పీకర్లు లేకున్న నెవరికిని వినబడదు. అవుట్‌పుట్ మార్చిన చాలును. అటుపిమ్మట టెర్మినలునందు ఆల్సామిక్సర్ అని వ్రాసి, ఎఫ్ 6 మీటతో కార్డు నెన్నుకొని చూచినచో, మూయబడిన కాలువ క్రింద "ఎం ఎం" అని కనబడును. ఎం మీట నొక్కిన తెఱచుకొనును. దీనికి నిర్వాహకుని రహస్యపదముతో పని లేదు. అప్పటికిని వినరాకున్న, ఒకసారి లాగౌటై మరల లాగిన్ కావలెను. తుదకు ఏప్లే అని వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డగీతను, చిన్న ఎల్ అక్షరమును జేర్చిన, యంత్రము గుర్తించిన శబ్దకార్డులు తెరమీదికి వచ్చును. అచ్చట కార్డే లేకున్ననే డ్రైవరునో, బయాసునో, పరికరమునో యనుమానింపదగును.

పిల్లలు ముట్టిన యంత్రము చెడునని భయపడు పెద్దలకు నా మనవి యేమనగా, పైన జెప్పిన పనులలో నొక్కటియు దేనిని తుడిచివేయదు. చెడుట యన్నచో తుడిచివేయుటయే గాని, చూచుట గాదు. తొమ్మిదవ తరగతి విద్యార్థులకు వంతులవారిగా నీ పని నప్పగింపవచ్చును. వారి కడ్డు వచ్చునది ఆంగ్లభాషయే; మెనూ మాటలను తెలుగున గూర్చి స్వేచ్ఛ యను సంస్థ యిదివఱకే లినక్సు నందించియున్నది. కంప్యూటరు గదియందొక నోటుబుక్కు నుంచి, ఏ దినమున నే యంత్రము మూగవోయెనో, ఏ మెట్టున మరల పలికెనో వ్రాయింపవలెను. ఎచ్చటను దొరకని లోప మున్నచో నప్పుడు పనివానిని పిలిచి, ముందుగా నా పుస్తకమును అతని చేతి కీయుడు.