తొట్టెలోని కానరాని సేవకులు

ఉప్పునీటి చేపల తొట్టెను మార్చి పెద్దదానిని అమర్చదలచువారు తొలుత యంత్రముల వెలలు విచారింతురు. ఇది తలక్రిందుల ఆలోచన. చేపలు విసర్జించు అమ్మోనియా వానికే విషము. రాళ్ళనంటి బ్రతుకు బాక్టీరియా దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రపు సజీవ శిలలతోను గాలిబుడగలతోను తొట్టెలను పోషించు పద్ధతిని 1961లో ప్రకటించెను. నురుగుతో మలినములను తీయు ప్రోటీన్ స్కిమ్మరు మేలైన సాధనమే. కాని ఆ బాక్టీరియా పనిని అది చేయజాలదు. కావున పాత శిలలను తడి ఆరనీయక క్రొత్త తొట్టెకు తరలింపవలెను. అన్నియు క్రొత్తవైనచో బాక్టీరియా వృద్ధినొందుటకు వారములు పట్టును. అంతవరకు చేపలను దింపుట హింసయే. పాఠశాలలో తొట్టె నుంచు ఉపాధ్యాయులు ఈ నిరీక్షణనే విద్యార్థులకు మొదటి పాఠముగా బోధింతురు గాక!