వెన్నెలకు రంగెందుకు?

పోయిన ఉగాది సంచికలో ఈ శీర్షిక కింద ఆవకాయ గురించి రాస్తే, నోరూరించి ఊరుకున్నారేమిటని చాలామంది దెబ్బలాడారు. అందుకే ఈసారి కడుపు నిండే విందే ఎత్తుకున్నాను. అదే, ‘మాయాబజార్’!

రెండేళ్ళ క్రితం మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర మూణ్ణెల్లుంది. స్లైగో వానల సంగతి మీకు నేను చెప్పాలా? కిటికీలోంచి బెన్‌బుల్బెన్ కొండ కనపడిన రోజు మనకు పండగే కదా. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఇక్కడే పుట్టిన మా తొమ్మిదేళ్ళ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే సిగ్గు. సోఫాలో ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ మౌనంగా కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఒక ఆదివారం ‘మాయాబజార్’ పెట్టాను. పిల్ల చూస్తుందని 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి పెట్టాను. అమ్మ ఒప్పుకోలేదు. "వెన్నెలకు రంగెందుకురా? పాతదే పెట్టు" అంది. నలుపు తెలుపు బొమ్మ చూసి అమ్మాయి మూతి ముడిచింది. "మీ ఊరి ఆకాశం ఇంతకన్నా రంగుగా ఉందిటే?" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు.

అమ్మ మాట నిజమే. 1957 మార్చి 27న వచ్చిన ఈ విజయావారి చిత్రానికి దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. నౌకావిహారంలో మనం చూసే వెన్నెల చాలామటుకు ఆయన స్టూడియో దీపాలతో పుట్టించిందే. ఇక సావిత్రి! శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడుస్తుంటే, లోపలున్నది ఎస్.వి. రంగారావేనని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. మా అమ్మాయి సోఫా దిగి ఆ నడకే నడిచింది. పింగళి నాగేంద్రరావుగారి ‘గింబళి’, ‘వీరతాడు’ వారం తిరిగేసరికి మా ఇంట్లో వాడుక మాటలైపోయాయి. "పాండవులేరి?" అని అదే అడిగింది. ఆ ఇంటి పెళ్ళికథలో పాండవులు ఒక్కరూ తెరమీదకు రారని అంతవరకు నేనూ గమనించలేదు!

ప్రియదర్శిని పెట్టె వచ్చింది. తెరిచి చూసినవాళ్ళకు తమకు ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, తెలుగులోనే అడిగింది: "నాయనమ్మా, నీకెవరు కనిపిస్తారు?"

అమ్మ వెంటనే మాట్లాడలేదు. "మీ తాతయ్యే. పెళ్ళయిన కొత్తలో టూరింగు టాకీసులో ఈ సినిమా చూపించింది ఆయనేగా" అంది. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ సంగతి అమ్మ నాతో ఎన్నడూ చెప్పలేదు. నేను అడిగిందీ లేదు.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో అమ్మ అంత ప్రయాణం చెయ్యలేదు. ఆదివారం వస్తే మా అమ్మాయి ఫోను నా చేతికిచ్చి "నాన్నా, ప్రియదర్శిని తెరువు" అంటుంది. ఇక అరగంటసేపు తెలుగే. తప్పులొస్తే నాయనమ్మ దిద్దుతుంది, బాగా మాట్లాడితే వీరతాడు వేస్తుంది.

కార్యవర్గం వారికి నాదొక మనవి. పిల్లలు పాత సినిమాకు కూర్చోరని కొట్టిపారెయ్యకండి. ఈ ఉగాదికి భోజనాలయ్యాక ఒక్క గంట ‘మాయాబజార్’ వెయ్యండి. పిల్లల పక్కన ఒక పెద్దవారు కూర్చోవాలన్నదొకటే షరతు. అన్నట్టు, రంగులది కాదు సుమండీ!

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.