బృందం విడిచిన గొంతు

2020 మార్చి చివర్లో కరోనా భయంతో దేశమంతా తలుపులు బిడాయించుకున్నప్పుడు తెలుగువాళ్ల ఫోన్లలో ఒక పాట ఊరూరా తిరిగింది. చేతులు కలపొద్దు, దూరం నుంచే దణ్ణం పెట్టుకోండి అని చెప్పిన పాట అది. కట్టింది హైదరాబాదు కుర్రాళ్ల బ్యాండు చౌరస్తా. పాడింది రామ్ మిరియాల. టీవీలో రోజంతా చెబితే విసుక్కున్న మాటనే ఆ గొంతు చెబితే జనం చెవి ఒగ్గి విన్నారు. ఆ బ్యాండు అంతకు ముందే ఇంకో పాటతో మన ఇళ్లలోకి వచ్చింది. ఊరెళ్లిపోతానని ఒకడు మొండికేస్తాడు, ఆ ఊళ్లో ఏముందని ఇంకొకడు అడుగుతాడు. దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం నుంచి పని కోసం హైదరాబాదుకో బెంగళూరుకో పోయినవాళ్లు ఎందరో. ఆ ప్రశ్నా ఆ జవాబూ తమ నోటివే అని వాళ్లు అనుకుంటే అందులో వింతేముంది?

కరోనా పాట వచ్చిన కొద్దికాలానికే రామ్ మిరియాల చౌరస్తా నుంచి బయటికొచ్చారు. 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడారు. అదే ఏడు ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో, కిన్నెర మొగులయ్య ఎత్తుకున్నాక అందుకున్న గొంతుల్లో ఆయనదీ ఒకటి. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట ఆయనే కట్టి ఆయనే పాడారు. ఆ ఏడు పెళ్లి ఊరేగింపుల్లో అది మోగని వీధి లేదు. 2023లో ‘బలగం’లో మంగ్లీతో కలిసి పల్లెటూరి పాట, 2024లో ‘టిల్లు స్క్వేర్’లో మళ్లీ సొంత బాణీ. మొదట వచ్చిన పేరును పోగొట్టుకోకుండా పెంచుకున్నవాళ్లు తెలుగులో తక్కువ. ఆ కొద్దిమందిలో ఆయన ముందు వరసలో ఉంటారు.

మరి చౌరస్తా? ఆ బృందంలోని యశ్వంత్ నాగ్ 2023లో ‘పరేషాన్’ సినిమాకు సంగీతం ఇచ్చారు. ఆయన దారీ మంచిదే. కానీ ఈ దారులన్నీ ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. తెలుగునాట ఒక బృందం జనంలో పేరు తెచ్చుకుందంటే, ఆ తర్వాత దాని గొంతుకు పోవడానికి ఉన్న ఊరు ఒకటే, సినిమా. సినిమాకు కావలసింది గొంతు. బృందం మొత్తం కాదు. ఆ నలుగురైదుగురు ఒక గదిలో కూచుని, పోట్లాడుకుని, ఒకరి పదం ఒకరు దిద్దుకుని కట్టే పాట దానికి అక్కర్లేదు. దర్శకుడు సందర్భం చెబుతాడు, సంగీత దర్శకుడు బాణీ ఇస్తాడు, గాయకుడు వచ్చి పాడి వెళతాడు. దీనికి గాయకుణ్ణి తప్పుపట్టి లాభం లేదు. ఇంటి అద్దె కట్టాలి కదా. తప్పు మరోచోట ఉంది. సినిమాకు బయట పాటకు కూలి ఇచ్చే చోటు మనం మిగల్చలేదు.

ఒకప్పుడు ఇలా లేదు. బుర్రకథ దళాన్నే తీసుకోండి. మధ్యలో తంబురా భుజానికి తగిలించుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని కథకుడు. చెరో పక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ముందుకు అడుగేస్తే వాళ్లూ వేస్తారు, ఆయన ఊపిరి తీసుకునే జాగాను వాళ్ల వంతపాట పూరిస్తుంది. పేరు కథకుడిదే. అయినా వంతలు లేకపోతే కథ నడవదని చూసే ప్రతివాడికీ తెలుసు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ ముగ్గురి కళను తెలుగు దేశమంతా తిప్పారు. సినిమా ఆయన్నూ పిలిచింది. వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి పెద్ద గరికపాటి రాజారావు 1953లో తీసిన ‘పుట్టిల్లు’లో నాజర్ బుర్రకథ ఉంది. సినిమా ఆడలేదు. నాజర్ తిరిగి పల్లె అరుగుల మీదికి, పందిళ్ల కిందికి వచ్చేశారు. రావడానికి ఆ అరుగులు ఉన్నాయి గనుక వచ్చారు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. ఆ నడిమి ఏళ్లన్నీ ఆయన కథ చెబుతూనే ఉన్నారు, ఎందరికో నేర్పుతూనే ఉన్నారు. పేదరికం తప్పలేదు. ఆయన జీవితకథ ‘పింజారి’ చదివినవాళ్లకు ఆ బాధ తెలుసు. అయినా తొలి పేరు వచ్చిన తర్వాత కళాకారుడు తన కళలోనే ముసలివాడు కాగలిగాడు. ఇది చిన్న సంగతి కాదు.

మన ప్రకాశం జిల్లా మట్టి నుంచే లేచిన ఇంకో కథ ఉంది. ఒంగోలు ప్రజానాట్యమండలిలో తయారైన ఇద్దరు, కాకుటూరివారిపాలెం టి.కృష్ణ, మైనంపాడు మాదాల రంగారావు, 1980ల మొదట్లో తెలుగు సినిమాకు ఎర్రజెండా పాటలు అలవాటు చేశారు. టి.కృష్ణ 1985లో ‘వందేమాతరం’ తీస్తూ ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఒక దళగాయకుడి చేత పాడించారు. అదే మండలి వేదికల మీద డప్పు దెబ్బకు గొంతెత్తిన కుర్రాడాయన. ఆ ఒక్క పాటతో సినిమా పేరే ఆయన ఇంటిపేరయింది, వందేమాతరం శ్రీనివాస్ అయ్యారు. టి.కృష్ణ మరుసటి ఏడే, 1986లో, చనిపోయారు. పిలిచి పాడించిన మనిషి లేడు, పేరు మాత్రం మిగిలింది. చాలామంది గాయకుల కథ ఇక్కడితో ఆగిపోతుంది. శ్రీనివాస్ కథ ఆగలేదు. ఆర్.నారాయణమూర్తి సినిమాలకు ఆయనే సంగీతం కట్టడం మొదలుపెట్టారు. 1997లో దాసరి ‘ఒసేయ్ రాములమ్మా’తో ఆ బాణీ ఊరూరికీ చేరింది.

శ్రీనివాస్ నిలబడ్డది గొంతు బలం వల్లే అంటే సగమే చెప్పినట్టు. దళంలో పాడేటప్పుడు తన చుట్టూ ఉన్న డప్పునూ కోరస్‌నూ పల్లె పదాన్నీ ఆయన సినిమాలోకి మోసుకొచ్చారు. బృందాన్ని వదిలి రాలేదు, వెంటబెట్టుకుని వచ్చారు. ‘డీజే టిల్లు’లో రామ్ మిరియాల బాణీ కూడా కట్టడంలో ఉన్న బలం ఇలాంటిదే. ఒకరు కట్టిన బాణీని పాడిపెట్టే గొంతుకు ఆయుష్షు పిలిచేవాళ్ల దయ మీద ఉంటుంది. బాణీ చేతిలో ఉన్న గొంతు తన పని తాను వెతుక్కోగలదు.

ఉత్తరాదిన ఇదే కథ ఇంకా స్పష్టంగా నడిచింది. 2002లో చానల్ వీ పోటీ పెట్టి ఐదుగురు అమ్మాయిలను ఎంచి వీవా అనే పాప్ బృందాన్ని తయారుచేసింది. ఆ ఏడు వాళ్ల ముఖాలు తెలియని కాలేజీ లేదు. మూడేళ్లు తిరగకుండానే బృందం చెదిరిపోయింది. ఆ ఐదుగురిలో నేహా భసీన్ గొంతు మనకు బాగా తెలుసు, తెలుసునని మనకే తెలియదు. 2009లో ‘కరెంట్’ సినిమాలో అటు ఇటు ఎటు చూసినా నువ్వేనని సాగే పాట ఆమెది. 2017లో ‘జై లవకుశ’లో స్వింగ్ జరా ఆమెదే. దేవిశ్రీ ప్రసాద్ ఆమె గొంతును తెలుగులో పదేపదే వాడుకున్నారు. ‘సుల్తాన్’ పాటకు ఆమెకు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చేసరికి వీవా పుట్టి పద్నాలుగేళ్లు దాటింది. వీవా తర్వాతి ఏడు అదే పోటీలోంచి వచ్చిన ఆస్మా బృందంలో నీతి మోహన్ ఉన్నారు. హిందీ సినిమాలో ఆమెకు గట్టి పాట దొరికింది 2012లో. తొలి పేరుకూ రెండో పేరుకూ మధ్య తొమ్మిదేళ్లు. ఇరవైల్లో ఉన్న పిల్లకు తొమ్మిదేళ్లంటే ఎంతో ఆలోచించాలి. ఆ మధ్య రోజుల సంగతి మనకు పెద్దగా తెలియదు.

అద్దంకి కుర్రాడి సంగతి ఇంకా దగ్గరది. దర్శి నుంచి అద్దంకి ఎంత దూరం? ప్రకాశం జిల్లా అద్దంకిలో పుట్టిన మైనంపాటి శ్రీరామచంద్ర 2010 ఆగస్టు 15 రాత్రి ఇండియన్ ఐడల్ అయిదో సీజన్ గెలిచినప్పుడు తెలుగువాళ్లు తామే గెలిచినంత సంబరపడ్డారు. తెలుగువాడు ఆ కిరీటం గెలవడం అదే మొదలు. అంతకు నాలుగేళ్ల ముందు అదే పోటీలో మరో తెలుగు గాయకుడు కారుణ్య ఆఖరి మెట్టు దాకా వెళ్లి ఆగిపోయారు. జనం ఓటు వేశారు, అభిమానం కురిపించారు. ఆ తర్వాత? 2012లో ‘ఖిలాడీ 786’లో శ్రేయా ఘోషాల్‌తో ఒక హుషారు పాట, 2013లో ‘యే జవానీ హై దీవానీ’లో ప్రీతమ్ బాణీలో సుభానల్లా. రెండూ దేశమంతా విన్నవే. కానీ దేశం వేసిన ఓట్లతో పోలిస్తే దేశం పాడించిన పాటలు తక్కువ. ఆయన సినిమాల్లో నటించారు. 2021లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లి మూడో స్థానంలో బయటికొచ్చారు. 2022లో ఆహాలో తెలుగు ఇండియన్ ఐడల్‌కు వ్యాఖ్యాత అయ్యారు. పన్నెండేళ్ల కిందట తాను నిలబడ్డ చోట ఇప్పుడు నిలబడిన పిల్లలను, మైకు పట్టుకుని ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలిచారు.

బిగ్ బాస్ మాట వచ్చింది గనుక ఒక వరస చూడాలి. 2018లో గీతా మాధురి రెండో స్థానం, 2019లో రాహుల్ సిప్లిగంజ్ విజేత, 2021లో శ్రీరామచంద్ర, 2022లో ఇండియన్ ఐడల్ గెలిచిన మరో తెలుగువాడు రేవంత్ విజేత. నేహా భసీన్ కూడా 2021లో హిందీ బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లారు. అందరూ గొంతుతో జనాన్ని గెలిచినవాళ్లే. మళ్లీ జనం కళ్లలో పడాలంటే పాట చాలలేదు, రోజుల తరబడి కెమెరాల మధ్య కాపురం ఉండాల్సొచ్చింది. రాహుల్ సిప్లిగంజ్‌కు ఆ తర్వాత అదృష్టం పెద్దదే వచ్చింది. 2023 మార్చిలో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడారు. కానీ దానికి చాలా ముందే ఆయన హైదరాబాదు గల్లీ యాసలో సొంత పాటలు కట్టుకుని యూట్యూబ్‌లో పెట్టుకున్న మనిషి. ఆ పాటలకు జనం ఉన్నారు. జనం ఉన్నంతగా వేదికలు ఉంటే ఆయన దారి ఎలా ఉండేదో.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. చాలాకాలం గాయకుడికి పాడిన రోజు ముట్టిందే కూలి. ఆ తర్వాత పాట ఎక్కడ ఎన్నిసార్లు మోగినా అతని చేతికి పైసా రాదు. 2012 జూన్‌లో అమల్లోకి వచ్చిన కాపీరైట్ చట్ట సవరణ, వ్యాపారం కోసం వాడుకున్నప్పుడు పాడినవాళ్లకూ రాయల్టీలో వాటా ఉందని చెప్పింది. ఆ హక్కు ప్రదర్శన జరిగిన తర్వాత యాభై ఏళ్ల దాకా ఉంటుంది. 2013లో గాయకుల హక్కుల కోసం ఇస్రా అనే సంఘం కూడా వచ్చింది. అయినా పాట మీద పెత్తనం కట్టినవాళ్లదీ రాసినవాళ్లదీ కొనుక్కున్నవాళ్లదే. 2017లో ఎస్పీ బాలు అమెరికాలో కచేరీలు చేస్తున్నప్పుడు, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా వైపు నుంచి నోటీసు వచ్చింది. తాను పాడి జనానికి ఇచ్చిన ఆ పాటలను ఆ పర్యటనలో పక్కన పెడతానని బాలు ప్రకటించారు. చట్టం ప్రకారం ఎవరిది న్యాయమనేది వేరే చర్చ. వేల పాటలు పాడిన బాలుకే ఆ రోజు వస్తే, రెండు పాటలు పాడి ఊరుకున్న కుర్రాడి పరిస్థితి ఏమిటి? అతని చేతిలో ఉండేది సొంత పాట ఒక్కటే. 2000లో ‘హాయ్ రబ్బా’తో వచ్చిన స్మిత, బాలు ‘పాడుతా తీయగా’లో పాడిన పిల్ల, సినిమా పిలుపు కోసం కూచోకుండా ఆల్బమ్‌లతో తన పేరు తాను నిలబెట్టుకున్నారు. ఆమె దారిలో నడిచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఇక మన వేదికలు. మన దగ్గర వేదికలు లేవని ఎవరైనా అంటే శివరాత్రికి కోటప్పకొండ రమ్మనాలి. తొంభై అడుగులు దాటిన విద్యుత్ ప్రభలు, వాటి ముందు తెల్లవార్లూ పాటకచేరీలు. వినాయక చవితి పందిళ్లు, అమ్మవారి తిరునాళ్లు, మార్కాపురం, గిద్దలూరు కాలేజీల వార్షికోత్సవాలు ఉండనే ఉన్నాయి. ఏడాదిలో మన ప్రాంతంలో పాట మోగే రాత్రులకు కొదవ లేదు. ఆ వేదిక మీద ఏం జరుగుతుంది? కీబోర్డు ఒకటి, రిథమ్ ప్యాడ్ ఒకటి, ట్రాకు పెట్టే ల్యాప్‌టాప్ ఒకటి. కింద నుంచి చీటీలు వస్తాయి, చీటీతో పాటు నోటు. చీటీలో సినిమా పేరు, కోరినవాళ్ల పేరు. గాయని చీటీ చదివి, కోరినవాళ్లకు దణ్ణం పెట్టి, ఎవరో పాడిన పాటను ఎవరో పాడినట్టే పాడుతుంది. ఎంత బాగా పాడినా మెచ్చుకోలు ఆ ఎవరికో పోతుంది. రాత్రి రెండింటికి గొంతు జీరపోయినా ఆపడానికి లేదు. ఆమె సొంతంగా ఒక పల్లవి కట్టుకుని ఉంటే దాన్ని ఎప్పుడు పాడుతుంది? ఎవరు అడిగారు గనుక?

చౌరస్తా లాంటి బృందం రేపు దర్శిలోనో దొనకొండలోనో పుట్టొచ్చు. కరువు మీద, వలస మీద, సాగర్ కాలువ నీటి కోసం ఎదురుచూపు మీద పాట కట్టగలిగినవాళ్లు మన మధ్య లేరనుకోవడం తప్పు. వాళ్లకు హైదరాబాదు స్టూడియో కన్నా ముందు ఊరి వేదిక మీద ఒక అరగంట కావాలి. రాబోయే తిరునాళ్లకు, చవితి పందిళ్లకు ఆర్కెస్ట్రా మాట్లాడుకునే కమిటీలను ఈ పత్రిక అడిగేది అదే. కచేరీలో ఒక అరగంట సొంత పాటలకు వదలండి. ఆ అరగంట చీటీలు తీసుకోకండి. రాసినవాళ్ల పేరు, కట్టినవాళ్ల పేరు, వాయించినవాళ్ల పేరు మైకులో చెప్పండి. ఆ అరగంటకు విడిగా డబ్బు ఇవ్వండి, అది బృందంలో అందరికీ సమానంగా పోయేలా చూడండి. అలా పాడిన పాటలను, కట్టినవాళ్ల పేర్లతో సహా, ఈ పత్రిక తర్వాతి సంచికల్లో అచ్చు వేస్తుంది.