ఏనుక్కి దారి లేదు, మా చేనుకి లెక్క లేదు

పలమనేరు, కుప్పం, రామకుప్పం, వి.కోట, బైరెడ్డిపల్లె మండలాల్లో ఏనుగులు చేన్లోకి దిగిన ప్రతిసారీ పేపర్లలో ఒకటే మాట అచ్చవుతుంది: "గజరాజుల స్వైర విహారం". విహారమంట! పిల్లల్ని కాళ్ల మధ్య పెట్టుకొని చీకట్లో నీళ్లు వెతుక్కుంటూ నడిచే జీవిది విహారమా? మా పల్లెల నుంచి మూటాముల్లె కట్టుకొని బెంగుళూరు కట్టడాలకి పోయే కూలీల్ని చూసి షికారుకు పోతున్నారని రాస్తారా? రాసినా రాస్తారు. కడుపు నిండినోళ్లకి ఎదుటివాడి నడకంతా విహారంగానే కనబడుతుంది.

ఏనుగు ఎందుకు కదులుతుంది? ఈ ప్రశ్న అడిగే ఓపిక ఏ ఆఫీసుకీ లేదు. వచ్చిందంటే తరమాలి, అంతే. యాడికి తరమాలి? పక్క బీటుకి, పక్క మండలానికి, పక్క రాష్ట్రానికి. ఇక్కడోళ్లు తమిళనాడులోకి తరిమితే వాళ్లు మళ్లీ ఇటు తరుముతారు. కర్ణాటక సరిహద్దులోనూ ఇదే ఆట. ఈ బంతాటలో మధ్యన తొక్కుడు పడేది అడవి అంచున ఉన్న మా వాడలే. మేము చెప్పేది ఒకటే. కరువు సీమలో ఏనుగును నడిపించేవి వాన, నీళ్లు, మేత. సర్కారు మాత్రం దాన్ని గీత గీసి ఆపాలనుకుంటుంది. వానకీ గీతకీ మధ్య జగడం వస్తే గెలిచేది వానే. నలిగేది మాత్రం మేము.

ముందు చరిత్ర చూద్దాం. చిత్తూరు జిల్లాలో దాదాపు రెండు వందల ఏళ్లుగా అడవి ఏనుగు లేదని చెబుతారు. 1980ల మొదట్లో కరువు పట్టింది. హోసూరు, ఆనేకల్ వైపు అడవులు ముక్కలు ముక్కలైపోయినాయి. అక్కడ బతకలేక 1983-84 ప్రాంతంలో ఒక చిన్న మంద ఇటు దాటింది. ఆ వెనకాలే ఇంకొన్ని వచ్చినాయి. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించినారు. 2003లో దాన్ని కలుపుకొని రాయల ఏనుగుల రిజర్వు అన్నారు. అంటే మా దగ్గరున్న ఏనుగులు కరువు తరిమిన వలస కుటుంబాలు. వాటి పుట్టుపూర్వోత్తరాల్లోనే జవాబుంది. నీళ్లు లేక వచ్చినాయి, నీళ్లు లేకుంటే మళ్లీ కదులుతాయి. ఇంత చిన్న సంగతి నలభై ఏళ్లలో కాగితం మీదికి ఎక్కలేదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. వచ్చిన ఆరేడేళ్లకే ఏనుగు పేరు మీద అడవి రాసిచ్చినారు. మంచిదే, మాకు కుళ్లు లేదు. తరాలుగా అదే అడవిలో మేకలు మేపి, చింతపండు రాల్చి, కట్టెలు మోసి బతికిన వాళ్ల దగ్గరికొచ్చేసరికి చట్టం గొంతు మారుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు కాని వాళ్లు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఆ అడవి మీదే బతికినట్టు రుజువు తేవాలి. బడి గడప తొక్కనియ్యని తాతలు కాగితాలు యాడ దాచిపెడతారయ్యా? వన్యప్రాణి చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూలు. మేమూ షెడ్యూలే. ఒక షెడ్యూలుకి అడవి రాసినారు, ఇంకో షెడ్యూలుకి అడవి అంచున రాళ్లగుట్ట రాసినారు. ఆ రెండు షెడ్యూళ్లనీ రాత్రిపూట ఒకదాని మీదికొకటి తోలి, పొద్దున వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు.

కౌండిన్య అంటే శేషాచలం కోనల్లాంటి అడవి అనుకోవద్దు. పొడుగ్గా, సన్నగా, నడుము చిక్కిన మనిషి లాగుంటుంది. చిట్టడవి, ముళ్లకంప, బండలు, అక్కడక్కడా వెదురు. కౌండిన్య, కైగల్ అనే రెండు ఏర్లు పోయి పాలారులో కలుస్తాయి. వాన పడితే పారతాయి, లేకుంటే చాలా చోట్ల ఇసుకే. పెద్ద ఏనుగు రోజుకి 100 లీటర్లకి పైగా నీళ్లు తాగుతుంది, 150 కిలోల దాకా మేస్తుంది. తిన్నదాంట్లో సగం అరగకుండానే లద్దెలో పోతుంది కాబట్టి పగలూ రాత్రీ మేస్తానే ఉండాలి. దానికి మన మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు. వేడి తట్టుకోవాలంటే చెవులు విసరాలి, నీడ పట్టాలి, బురదలో పొర్లాలి. అందుకే ఎండాకాలం పగలంతా గుట్ట నీడన నిలబడి, పొద్దుగూకినాక కదులుతుంది. రాత్రి రావడం దాని దొంగబుద్ధి కాదు, ఎండ పెట్టిన నియమం. మనిషి తిరగని వేళ అదే అని కూడా దానికి తెలుసు.

వానలు బాగా పడి గుంటలు నిండి గడ్డి మొలిస్తే మందలు విడిపోయి దూరదూరంగా తిరుగుతాయి. ఎండితే నీళ్లున్న రెండు మూడు చోట్ల చుట్టూ ముడుచుకుంటాయి. చంటిపిల్లలున్న తల్లి ఏనుగులు నీళ్లకి దూరం పోలేవు. ఒంటి మగ ఏనుగు పోగలదు. బెంగుళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్త రామన్ సుకుమార్ 1980లలో బిళిగిరిరంగన కొండలు, సత్యమంగళం వైపు ఏనుగుల వెంట తిరిగి ఇవే సంగతులు రాసినాడు. ఎండల్లో ఏటి లోయలు, వానలు మొదలైనాక గడ్డి ఉన్న కొండలు, ఇట్లా రుతువుని బట్టి చోటు మారుస్తాయన్నాడు. పంట మీద పడేది ఆడమందల కన్నా మగ ఏనుగులే ఎక్కువ అని కూడా తేల్చినాడు. ఈ సంగతులు పుస్తకంగా వచ్చి ముప్పై అయిదేళ్లు దాటింది. మా పల్లెల్లో కావలి కాసే ముసలోళ్లకి పుస్తకం లేకుండానే తెలుసు. తెలియంది ఆఫీసులకే.

ఇప్పుడు అడవి ఎండిన నెలల్లో అడవి అంచున పచ్చగా ఉండేదేమిటో చూడండి. వెయ్యడుగుల బోరు కింద చెరకు, అరటి, వరి, టమోటా. బోరు వేసే సత్తా ఎవరికుంది? ఒకటి ఎండితే రెండోది, రెండోది ఎండితే మూడోది వేసుకోగలిగిన ఆసామికి. ఏనుగు ముక్కుకి ఆ చెరకు వాసన దూరం నుంచే తగులుతుంది. చెరుకుతోటకి పోవాలంటే అడవికీ ఆ తోటకీ మధ్యనుండే చెక్క దాటాలి. ఆ చెక్క ఎవరిది? డి.కె.టి. పట్టా కింద మాకిచ్చిన బీడు. ఒక కారు రాగి, అది కూడా వాన దయ మీద. ఏనుగు చెరుకు తిని వెనక్కి పోతుంది, రాగి మాత్రం పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తొక్కుడు పడుతుంది. తోట కావలికి మంచె మీద కూర్చునేదెవరు? మళ్లీ మా పిల్లోళ్లే, కూలికి. ఆసామి ఇంట్లో నిద్రపోతాడు. కొంతమంది ఆసాములు ఇంకో అడుగు ముందుకేసి కంచెకి దొంగ కరెంటు ఇస్తారు. ఆ తీగకి ఏనుగుకీ మేకల కాపరికీ తేడా తెలియదు.

పట్నం పెద్దమనుషులు కొందరు తేలిగ్గా అనేస్తుంటారు: "పల్లెజనం అడవిని ఆక్రమించుకున్నారు, అనుభవించనీ" అని. అయ్యా, ఊరి మధ్య మాగాణి మాకిస్తామంటే వద్దన్నామా? చెరువు కింది తడి ఎవరి పేరున ఉందో అడంగలు చూస్తే తెలుస్తుంది. రాళ్లగుట్ట పక్కన రాళ్లు ఏరుకొని బతకమని పట్టా ఇచ్చింది సర్కారే. ఆక్రమణ మా నెత్తిన రుద్దే ముందు, అడవి నడుమ పోయే రోడ్లు ఎవరు వేసినారో, గుట్టల్ని గ్రానైటు కోసం ఎవరు కోసుకుపోయినారో చెప్పండి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర భూతలబండ వద్ద హైవే దాటుతున్న మూడు ఏనుగులు రాత్రివేళ లారీ గుద్ది చచ్చిపోయినాయి. అందులో రెండు పిల్లలు. దాటే దారి అదని ఏనుగులకి తెలుసు. రోడ్డు వేసినోళ్లకి తెలియదా?

"ఇంకా లోతుగా కందకం తవ్వండి, గట్టి కంచె వేయండి, లోపలే ఉంటాయి" అనే వాళ్లకి కూడా జవాబు చెప్పాలి. కరువు సీమలో ఏనుగుల్ని లోపలే ఉంచితే ఏమవుతుందో ఆఫ్రికా దేశాల్లో లెక్క రాసి పెట్టినారు. కెన్యాలో సావో పార్కు మా సీమ కన్నా పొడి నేల. 1970-71 కరువులో అక్కడ ఏనుగులు వేలల్లో చచ్చిపోయినాయి, 6,000 దాకా అని అంచనా. చచ్చినవాటిలో ఎక్కువ తల్లులు, పిల్లలు. దాహంతో కాదు, ఆకలితో. నీళ్లు విడిచి దూరం పోలేక, నీళ్ల చుట్టూ ఉన్న మేతంతా అయిపోయి చచ్చినాయి. ఇంకోటి టాంజానియాలో టరంగిరే పార్కు, 1993 కరువు. తొమ్మిది నెలల్లో 81 పిల్ల ఏనుగుల్లో 16 చచ్చినాయి. మామూలు ఏడు అయితే వందకి రెండో మూడో పోతాయి. పార్కు హద్దు దాటి బయటికి పోయిన మందల్లో పిల్లలు ఎక్కువ బతికినాయి, కదలకుండా ఉండిపోయిన మందలోనే ఎక్కువ పోయినాయి. బయటికి తీసుకుపోయిన మందల్లో వయసు మళ్లిన ఆడ ఏనుగులున్నాయి. ముప్పై ఏళ్ల కిందటి కరువుని అవి చిన్నప్పుడు చూసి ఉంటాయనీ, అప్పుడు నీళ్లు యాడ దొరికినాయో గుర్తుండి ఉంటుందనీ పరిశోధకులు అన్నారు. మా అవ్వలకి ధాత కరువు కథలు తెలిసినట్టన్నమాట.

అంటే ఏమిటి? కదలడమే ఏనుగు బతుకు. నాలుగు పక్కలా కందకం తవ్వితే మీరు కాపాడుతున్నామనుకునే జంతువుని మీరే ఆకలికి అప్పజెప్పినట్టు. అది కూడా కుదరదు లెండి. కందకం మట్టిని వానకి గట్లు జారినచోట తొక్కి పూడ్చేసుకొని దాటుతుంది. సోలార్ తీగ మీద ఎండుకొమ్మ పడేస్తుంది. తీగకి మరమ్మతు లేక మూలపడేసరికి కాంట్రాక్టరు బిల్లు తీసుకొని యాడికో పోయుంటాడు. కందకం ఒక ఊరి ముందు ఆగిపోతే ఏనుగు ఆ ఊరు వదిలి, కందకం అందని పక్క ఊరి మీద పడుతుంది. ఎవరి ఊరి ముందు ముందుగా తవ్వుతారో, ఎవరి వాడ దగ్గర బడ్జెట్ అయిపోతుందో మేము విడిగా చెప్పక్కర్లేదు.

2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని మన రాష్ట్రానికి ఇచ్చింది. బెంగుళూరు విధానసౌధ ముందు పెద్ద సభ చేసినారు. కుంకీలు వద్దని మేము అనం. వాడలోకి వచ్చి నిలబడ్డ మగ ఏనుగుని ప్రాణనష్టం లేకుండా మళ్లించడానికి అవి పనికొస్తాయి. కానీ ఈ రాత్రి తరిమిన ఏనుగు రేపు ఏ నీళ్లు తాగాలో కుంకీ చెప్పలేదు. ఎండాకాలం ట్యాంకర్లతో తొట్లు నింపి "ఏనుగుల దాహం తీర్చినాం" అంటారు, దానికీ ఇదే మాట. సావోలో చచ్చినవి నీళ్ల పక్కనే చచ్చినాయి. తొట్టి ఒక్కచోట పెట్టి చుట్టూ లాంటానా కంప తప్ప మేత లేకుంటే మంద ఆ తొట్టిలో తాగి మా చేన్లో మేస్తుంది. నీళ్లు, మేత కలిసి, అడవి లోపల, నాలుగైదు చోట్ల ఉండాలి. కంప తీసి గడ్డి, వెదురు పెంచాలి. పూడిపోయిన అడవి కుంటలు తవ్వాలి. ఆ పని కూలికి మా పల్లెలనే పిలవాలి, ఉపాధి హామీ పనుల్లో మాతో రోడ్డు పక్క గుంటలు తవ్వించేకన్నా ఇది ఎంతో మేలు.

పరిహారం సంగతి కూడా తేల్చాలి. పంట నష్టం కాగితం పాసుబుక్కు అడుగుతుంది. కౌలుకి చేసినోడికి, తండ్రి పేరు మీదే ఆగిపోయిన డి.కె.టి. పట్టాదారుకి, కోరుకి చేసినోడికి పాసుబుక్కు యాడిది? తొక్కుడు పడింది మా చెమట, చెక్కు పోయేది భూమి పేరున్నోడికి. విత్తనం వేసినోడెవడో, కావలి కాసినోడెవడో పల్లెలో పది మంది చెబుతారు. ఆ పది మంది మాటే సాక్ష్యంగా తీసుకోవాలి. వారం లోగా ఇవ్వాలి. రాగి పంట పోయినోడికి మరుసటి ఏడు చెక్కిస్తే అది అప్పుల వడ్డీకి కూడా రాదు. కావలి కాసే కూలీకి ఏమన్నా అయితే అది తోట ఆసామి బాధ్యత కూడా అని కాగితం మీద రాయాలి.

మూడు రాష్ట్రాల అటవీ శాఖలు కూర్చొని తేల్చాల్సిందొకటి మిగిలింది. ఏనుగు దారులు. హోసూరు నుంచి కౌండిన్య దాకా అవి ఏ నెలలో, ఏ లోయ గుండా నడుస్తాయో నలభై ఏళ్ల అనుభవం ఉంది. ఆ దారిలో ఏ పట్టా భూమి అడ్డమొస్తే దానికి మార్కెట్ ధర కట్టి, ఇంకోచోట తడి భూమి ఇచ్చి, మమ్మల్ని అడిగి తీసుకోండి. ఏనుగు దారి పేరు చెప్పి మళ్లీ వాడల్నే లేపుతామంటే ఒప్పుకోం.

కౌండిన్య అంచు పల్లెల్లోని మన వాళ్లకి ఒక మనవి. ఈ ఎండాకాలం ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ తేదీ రాత్రి, ఏ పక్క నుంచి, ఎన్ని వచ్చినాయి, తల్లీ పిల్లలా, ఒంటి మగదా. ఆ రోజు దగ్గరున్న కుంటలో, ఏట్లో నీళ్లున్నాయా లేదా. ఏ పంట మీద పడినాయి, ఆ చేను ఎవరు చేస్తున్నారు, పట్టా ఎవరి పేరున ఉంది. ఫారెస్టోళ్లు ఎన్ని గంటలకి వచ్చినారు, ఎటు తరిమినారు. చదువుకున్న పిల్లలు రాయండి, చదువురాని పెద్దోళ్లు చెప్పి రాయించండి. వానలు మొదలైనాక మాకు పంపండి, ఊరి పేరుతో సహా అచ్చు వేస్తాం.